ముందు కమాను ఎత్తించి కొండెక్కబోయిన జీపు ట్రక్కు

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం. మా నాయన సత్యవేడు నుంచి బస్సులో తిరుపతికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా మా గడప దగ్గరే నిలబడి, “పాపా, ఈ యేడు సామి కొండకు పోయేట్టు లేడు” అన్నాడు. నేను చెప్పబోయే ప్రయాణానికి కారణం ఆ మాటే. ఇప్పుడు ఆ వైపు కొండలకు బండ్లు వేసుకుని సరదాగా వెళ్ళేవాళ్ళు ఎక్కువయ్యారు. దారి ఎలా ఉంటుంది, ట్రక్కు ముందు భాగం ఎత్తు పెంచుకుంటే మంచిదా అని నన్ను కూడా అడుగుతుంటారు. నాకు తెలిసింది ఒక్క ప్రయాణమే, అది కూడా పైదాకా వెళ్ళలేదు. అయినా రాస్తున్నాను. పైకి వెళ్ళి వచ్చినవాళ్ళ కబుర్లు మీకు ఎలాగూ బోలెడు దొరుకుతాయి.

మా పుట్టింటి పల్లె సత్యవేడుకు పడమరగా, కొండ అడుగున ఉంటుంది. కొండమీద చిన్న పెరుమాళ్ళ గుడి ఉంది. మూలవిరాట్టు పైన ఉంటాడు. ఊరేగే కంచు విగ్రహం మాత్రం కింద పల్లెలోని మండపంలో ఉండేది. చిత్రా పౌర్ణమికి ఆ స్వామిని పల్లకిలో పైకి తీసుకెళ్ళి, మూలవిరాట్టు పక్కన ఒక పూట కూర్చోబెట్టి తీసుకురావాలి. ఆ పల్లకి మోయడం మా ఇంటివాళ్ళ కైంకర్యం. దాన్ని మావైపు శ్రీపాదం అంటారు. మా తాత మోశాడు, నాయన మోశాడు. పల్లకికి ఎనిమిది భుజాలు కావాలి. వయసువాళ్ళంతా మద్రాసు కంపెనీల్లో చేరిపోయారు. నాయన, ఆయన జతగాడు మునెయ్య, ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు మిగిలారు. అంతకు ముందటి సంవత్సరం కూలిమనుషుల్ని బతిమాలి ఎలాగో గట్టెక్కించారు. ఈసారి గుళ్ళను చూసుకునే ఆఫీసరు ముందే తేల్చి చెప్పేశాడు: పౌర్ణమికి విగ్రహం కొండెక్కకపోతే, మోసేవాళ్ళు లేని స్వామి పల్లెలో ఎందుకు, పట్నంలో గుడికి తీసుకెళ్ళి అక్కడే ఉంచేస్తాం అని. అంటే స్వామి ఇక పల్లెకు రాడు, కొండకు పోడు, మా నాయనకు పని ఉండదు.

మా ఆయనకు పాత జీపు ట్రక్కు ఒకటి ఉండేది. నాలుగు చక్రాలూ లాగే బండి. ఐరాల వైపు బెల్లం గానుగల నుంచి దిమ్మెలు చిత్తూరు మండీకి తోలేవాడు. ఆ బరువుకు ఆగాలని వెనక చక్రాల మీది ఉక్కు కమానులు గట్టిగా కట్టించాడు. అందువల్ల ఖాళీగా ఉన్నప్పుడు బండి తోక పైకి లేచి, ముక్కు నేలచూపులు చూస్తుండేది. “మామా, కొండకు రాళ్ళబండ్ల బాట ఉండాది గదా, నేను తీసుకపోతాను సామిని” అన్నాడు మా ఆయన. నాయన ముఖం ఆ రోజు చూడాల్సింది. అన్నం పెడితే రెండుసార్లు మారడిగాడు. మరుసటి వారం ఇద్దరూ కలిసి ఖాళీ బండితో బాట చూడటానికి వెళ్ళారు. మొదటి రాతి మెట్టు దగ్గరే ముందు బంపరు గుద్దుకుని ఆగిపోయి వెనక్కి వచ్చారు. ముందు భాగం లేపితే తప్ప లాభం లేదన్నాడు మా ఆయన.

పౌర్ణమికి ముందురోజు తెల్లవారగానే నాయన, మా ఆయన, నేను తిరుపతిలో బయలుదేరాం. రేణిగుంట మీదుగా పుత్తూరు గంట దారి. బస్సులో అయితే ఆ రోజుల్లో రెండు రూపాయల చిల్లర. పుత్తూరులో రోడ్డు పక్కన కమానులు కట్టే మస్తాను షెడ్డు ఉండేది. కమాను కట్ట అంటే ఇరుసు మీద ఒకదానిమీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టాలు, అంతే. మస్తాను బండి చుట్టూ తిరిగి, రెండువైపులా ముందు కట్టలో చెరొక పట్టా చేర్చి, కమాను చివర వేలాడే లింకులు కాస్త పొడుగువి వేస్తే జానెడు లేస్తుందన్నాడు. బేరంలో రెండు వందలకు ఒప్పుకున్నాడు. పని మొదలుపెట్టబోతూ అడగాల్సిన మాటే అడిగాడు.

“వెనక ఎంత బరువు ఎక్కతాది పెద్దాయనా?”

“సామి ఎక్కతాడు,” అన్నాడు నాయన.

“అదే, ఎంత ఉంటాడు?”

నాయన చెవులు మూసుకున్నంత పని చేశాడు. “అట్ల అడగగూడదప్పా. సామికి బరువేంది? మేము నలభై ఏండ్లుగా మోస్తా ఉండాము, ఒక్కనాడన్నా బరువు అనే మాట నోట్లోనించి రానీలా.”

ఇది ఇప్పటివాళ్ళకు వింతగా ఉంటుంది. శ్రీపాదం వాళ్ళలో ఇది పెద్ద నియమం. స్వామి ఇంత బరువున్నాడని అనకూడదు, అడగకూడదు, భుజం మార్చుకునేటప్పుడు మూలగకూడదు. పల్లకి ఒంకరుందా తిన్నగుందా అన్నది ఖాళీ పల్లకితోనే చూసుకోవాలి. స్వామి ఎక్కాక కొలతలు తీస్తే అపచారం. మస్తాను మా ఆయన వైపు చూశాడు. దిమ్మెకు ఇంత, బస్తాకు ఇంత అని బరువులు కళ్ళతోనే తూచే మనిషి మా ఆయన. ఆ పూట మామగారి ముందు బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

“సరే సామీ, ఖాళీ బండికే సమం జేస్తా,” అన్నాడు మస్తాను. మధ్యాహ్నానికి పని అయింది. నాయన ఇత్తడి చెంబు నిండా నీళ్ళు పోసి ట్రక్కు వెనక పలక మీద పెట్టి వంగి చూశాడు. నీళ్ళు అంచుకు అన్నివైపులా సమంగా ఉన్నాయి. “సూడు పాపా, ఇప్పుడు సామి తూలడు. నిటారుగా కూర్చుంటాడు,” అన్నాడు. టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. బండి చూడటానికి నిజంగానే ముచ్చటగా ఉంది. ముక్కు ఎత్తుకుని, కొత్త అల్లుడిలా నిలబడింది. ఇల్లు అలకగానే పండగ కాదని చెప్పే మనిషి మాలో ఒక్కరూ లేకపోయారు.

పుత్తూరు నుంచి నారాయణవనం, నాగలాపురం మీదుగా సత్యవేడు దారి పట్టాం. దారి చల్లగా, మామిడితోటల మధ్యగా పోతుంది. ఇప్పుడు వెళ్ళేవాళ్ళకూ నా సలహా అదే దారి. నాగలాపురంలో ఆగి ఇడ్లీలు తిన్నాం. హోటలామె అరవం కలిసిన తెలుగులో, “యాడికి పోతా ఉండారు, బండి ఇంత ఎత్తు కట్టినారు?” అని అడిగింది. నాయన నోట్లో ముద్ద మింగకుండానే, “ఇది బండి గాదమ్మా, పెరుమాళ్ళ వాహనం,” అన్నాడు. ఆమె చేతులు జోడించి చట్నీ ఇంకో గరిటె వేసింది. ముందు కమాను గట్టిపడి బండి గుంటల్లో ఎగిరెగిరి పడుతోంది. నా నడుము విరిగిపోతుందని నేనంటే నాయన నవ్వాడు. ఆయన అంత నవ్వడం ఆ తరువాత నేను చూడలేదు.

మరునాడు పొద్దున పల్లెలో సందడిగా ఉంది. పల్లకి మోసే పొడుగాటి కొమ్ములు ట్రక్కులో పట్టవని తీసి మండపంలోనే పెట్టేశారు. పల్లకి పెట్టెను వెనక పలక మీద తాళ్ళతో కట్టారు. అర్చకస్వామి విగ్రహాన్ని తెచ్చి అందులో కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చున్నాడు. ఆపైన ప్రసాదాలకు బియ్యం బస్తాలు, వంట గంగాళాలు, పైన నీళ్ళు దొరకవని నిండుగా రెండు డ్రమ్ములు, మేళం వాళ్ళు, మునెయ్య, మిగిలిన ఇద్దరు ముసలివాళ్ళు. చివరికి నేను. నాయన ముందు, మా ఆయన పక్కన. అందరం ఎక్కేసరికి బండి వెనక కూలబడింది, ముక్కు ఆకాశంలోకి లేచింది. అర్చకస్వామి వీపు వెనక్కి వాలి, విగ్రహాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. మా ఆయన దిగి ముందుకు, వెనక్కి చూసి, నాయన వైపు ఒకసారి చూసి, మళ్ళీ ఎక్కి బండి తీశాడు. స్వామి ఎక్కాక ఎవరేమంటారు? ఆఫీసరు తన జీపు పక్కన నిలబడి చూస్తున్నాడు. వెళ్ళగలిగితే వెళ్ళండి అన్నట్టు చేయి ఊపాడు.

కొండ అడుగు నుంచి గుడి దాకా నడిస్తే రెండు గంటల దారి. నీడ లేదు. తంగేడు, కలిమి పొదలు, పలకరాళ్ళు. బాట మొదట్లో తిన్నగానే పోయింది. వారం కిందట బంపరు గుద్దుకున్న రాతి మెట్టు మీద ఈసారి చక్రాలు సులువుగా ఎక్కేశాయి. మేళం వాళ్ళు డోలు వాయించారు, నాయన గోవింద కొట్టాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్వామి వెళ్తున్నాడనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

మొదటి మలుపులో మా ఆయన స్టీరింగు తిప్పాడు. బండి తిరగలేదు. ముందు చక్రాలు నేలను ఆనీ ఆననట్టు జారుకుంటూ తిన్నగా లోయ అంచువైపు పోయాయి. బ్రేకు వేసి ఆపాడు. వెనక్కి తీసి మళ్ళీ తిప్పినా అంతే. బరువంతా వెనక, ఎక్కుడు ముందర, దానికి తోడు లేపిన ముక్కు. ముందు చక్రాల మీద బరువు లేకపోతే బండి ఎటు తిరుగుతుంది? నేను డ్రైవరును కాదు, ఆ పూట నాకే అర్థమైంది. మునెయ్య కిందికి దూకి బండిని పక్కనుంచి ఒకసారి చూసి, నాయన దగ్గరికి వచ్చాడు.

“ఏమన్నా, ఎక్కుడికి ముందర పొట్టోళ్ళము గదా నిలబడేది? బండికి ముందర పొడుగోళ్ళను నిలబెట్టినావే,” అన్నాడు.

పల్లకి కొండెక్కేటప్పుడు పొట్టివాళ్ళు ముందు కొమ్ము పట్టుకుంటారు, పొడుగువాళ్ళు వెనక ఎత్తి పట్టుకుంటారు. అప్పుడే స్వామి నిటారుగా ఉంటాడు, ముందువాళ్ళ కాళ్ళు నేలలో గట్టిగా ఆనుతాయి. నాయన ఆరడుగుల మనిషి. జీవితమంతా ఎక్కుడు దారిలో ఆయన చోటు వెనకే. మునెయ్య అలా అనేసరికి ఆయన పలకరాయి మీద కూర్చుని బండి ముక్కు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయన్ను ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

డ్రమ్ములు, బస్తాలు, గంగాళాలు అక్కడే దించేశాం. మేళం వాళ్ళను దించి, ముందు బంపరు మీద, బానెట్టు మీద ఎక్కి నిలబడమన్నాడు మా ఆయన, ముక్కు మీద కాస్త బరువు పడుతుందని. అలా మొదటి మలుపు తిరిగింది. రెండోది కూడా తిరిగింది. మూడో మలుపు రాళ్ళమయం. బానెట్టు మీద మనుషులతో బండి ఒక రాయి మీదికెక్కి దభీమని దిగింది. కింద ఎడమవైపు టక్కుమని చప్పుడు. కమాను కట్టను ఇరుసుకు నడుమ పట్టి ఉంచే బోల్టు తెగింది. ఇరుసు ఒకవైపు వెనక్కి జరిగి, చక్రం పైనున్న మడ్‌గార్డుకు ఒరుసుకుని బిగుసుకుపోయింది. బండి బాటకు అడ్డంగా పడుకుంది. ముందుకు లేదు, వెనక్కి లేదు. అప్పటికి ఎండ నెత్తికెక్కింది. గుడి గోపురం పైన ముక్క కనిపిస్తూనే ఉంది.

“కొమ్ములు తెప్పించండి,” అన్నాడు నాయన. కిందికి మనిషి పరుగెత్తి ఇంకో ఇద్దర్ని పట్టుకుని కొమ్ములు మోయించుకుని వచ్చేసరికి నీడలు సాగాయి. తెచ్చినవాళ్ళు భుజం మాత్రం ఇవ్వలేదు, ఆఫీసరు కోప్పడతాడని వెనక్కి వెళ్ళిపోయారు. మేళం వాళ్ళు పల్లకి పట్టే ఆచారం లేదు. అర్చకస్వామి ఒప్పుకోవడంతో మా ఆయన కూడా చేయి వేశాడు. ఎనిమిది మంది మోసే పల్లకికి అయిదుగురు. నేను కొంగు నడుముకు దోపుకుని ముందుకు వెళ్ళాను.

“నాయనా, నేనూ పట్టుకుంటా.”

“నువ్వు పట్టగూడదు పాపా,” అన్నాడు నాయన. కోపంగా కాదు. ఆ గొంతులో ఏముందో నాకు తెలుసు. కావాలనే ఉంది, కుదరదు.

లేపారు. పొట్టివాడు మునెయ్య ముందు, నాయన వెనక. నాయన కొమ్మును భుజం మీంచి అరచేతుల్లోకి లేపి పట్టుకున్నాడు. చేతుల నరాలు తేలాయి. ఎవరూ మూలగలేదు. రాతి మీదుగా కొంత దూరం నిజంగానే వెళ్ళారు. ఆ కాసేపూ స్వామి నిటారుగానే కూర్చున్నాడు. తరువాత మునెయ్య మోకాలు మడత పడింది. పల్లకి ఒక పక్కకు ఒరిగింది, అర్చకస్వామి అరిచి విగ్రహాన్ని గుండెకు హత్తుకున్నాడు. మునెయ్య మోకాలి మీద నెత్తురు. నాయన మళ్ళీ లేపమన్నాడు. ఎవరూ కదల్లేదు.

“చాలప్పా,” అన్నాడు అర్చకస్వామి. “స్వామిని కింద పడేసినామన్న పేరు మనకొద్దు. దిగిపోదాం.”

“ఇంగ రెండు మలుపులే సామీ. ఆడే కదా గుడి. కనపడతా ఉండాది.”

“కనపడతా ఉండాది. పోలేము.”

నాయన ఎంత బతిమాలాడో రాయలేను. స్వామిని ఒక్కణ్ణే చంకన పెట్టుకుని మోసుకుపోతానన్నాడు. విగ్రహాన్ని అర్చకుడు తప్ప ఎవరూ తాకకూడదని ఆయనకు తెలియదా? తెలిసే అడిగాడు. అర్చకస్వామికి డెబ్బై దాటాయి, ఆ కంచు విగ్రహంతో ఎక్కడం ఆయనవల్ల కాదు. చివరికి విగ్రహాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఇద్దరి ఆసరాతో అంచెలంచెలుగా దిగాడు. ఖాళీ పల్లకిని మావాళ్ళు భుజానికెత్తుకున్నారు. దిగుడులో పొడుగువాళ్ళు ముందుండాలి. నాయన ముందుకు వచ్చి, అలవాటుగా ఒక్కో అడుగు చూసి వేస్తూ, స్వామి లోపల ఉన్నట్టే దిగాడు. నేను వెనక నడిచాను. ఆ దిగడం అంత కష్టమైన నడక నేను మళ్ళీ నడవలేదు.

కింద ఆఫీసరు జీపు సిద్ధంగా ఉంది. ఆయన చెడ్డమాట ఒక్కటీ అనలేదు. విగ్రహం కింద మెత్తని దుప్పటి పరిపించాడు కూడా. స్వామి ఆ జీపులో నున్నటి తారురోడ్డు మీద, ఒక్క కుదుపు లేకుండా పట్నానికి వెళ్ళిపోయాడు. నాయన ఊరి చివరిదాకా జీపు వెనకాల నడిచి, దుమ్ము అణిగాక తిరిగి వచ్చాడు. మా ఆయన మర్నాడు మస్తానును పిలుచుకొచ్చి బండిని కిందికి దించుకున్నాడు. చేర్చిన పట్టాలు తీసేయించి మళ్ళీ బెల్లం తోలుకున్నాడు. దాని ముక్కు మళ్ళీ నేలచూపులు చూసింది. బెల్లం ఎక్కితే తిన్నగా అయ్యేది.

మీలో ట్రక్కు ముందు భాగం ఎత్తించి కొండలెక్కాలనుకునేవాళ్ళకు చెప్పేది ఒకటే. ఖాళీ బండిని చూసి సమం చేయించకండి. మీరు తీసుకెళ్ళే మనుషుల్ని, నీళ్ళను, సామానును అంతా ఎక్కించి, అప్పుడు నిలబెట్టి కొలవండి. మెకానిక్కు ఎంత బరువని అడిగితే సిగ్గుపడకుండా చెప్పండి. ఎక్కుడు దారిలో ముక్కు కాస్త వంగి ఉన్న బండే మాట వింటుంది. నాగలాపురం దారి ఇప్పుడు బాగుంది, సత్యవేడులో పెట్రోలు దొరుకుతుంది, నీళ్ళు మాత్రం కిందే నింపుకోండి. కొండమీద గుడి తలుపు తీసి ఉంటుందని అనుకోకండి. ఉత్సవమూర్తి వెళ్ళిపోయాక పూజలు తగ్గిపోయాయి, తరువాత తాళం పడింది.

ఆ మరుసటి ఏడు చిత్రా పౌర్ణమికి నాయన పట్నంలో గుడికి వెళ్దాం రమ్మన్నాడు. వెళ్ళాం. స్వామికి అక్కడ నగలు బాగానే చేయించారు. పల్లకి మాడవీధిలోకి వచ్చింది. మోసేవాళ్ళు జీతానికి పెట్టుకున్నవాళ్ళు, అందరూ ఒకే ఎత్తు, ఒకే రంగు పంచెలు. నాయన భుజం మీది తుండుగుడ్డను మడిచి మెత్తలా సర్దుకుని, తనకు తెలియకుండానే కొమ్ము వైపు రెండడుగులు వేశాడు. వాళ్ళలో ముందున్నతను మర్యాదగానే అన్నాడు: “పెద్దాయనా, రవ్వంత పక్కకు జరుగు, సామి వస్తా ఉండాడు.” నాయన పక్కకు జరిగి, నా చేయి పట్టుకుని, పల్లకి దాటిపోయేదాకా అందరితోపాటు నిలబడ్డాడు.